ఇంటి అప్పు: ఏజెంటు తప్పు, మన సంతకం

భూమి గురించి దళిత ఉద్యమం చాలా మాట్లాడింది. ఉద్యోగాల గురించి, రిజర్వేషన్ల గురించి అంతకంటే ఎక్కువే మాట్లాడింది. కాని ఉద్యోగం వచ్చాక పట్నంలో నాలుగు గోడలు సొంతం చేసుకోవాలనుకునే మొదటి తరం మనిషి బ్యాంకు గుమ్మం దగ్గర పడే చిక్కుల గురించి మనం దాదాపు ఏమీ రాసుకోలేదు. అది ఎవరికి వాళ్ల సొంత వ్యవహారం అనుకున్నాం. నిజానికి మన వాడల్లో ఒక కుటుంబం మొత్తం సంపాదన, ఒక్కోసారి రెండు తరాల సంపాదన, ఆ ఒక్క దరఖాస్తు మీద ఆధారపడి ఉంటుంది. ఆ దరఖాస్తును నింపేది మాత్రం మనం కాదు. ఏజెంటు నింపుతాడు, మనం సంతకం పెడతాం.

మన తాతలు షావుకారు ముందు తెల్లకాగితం మీద వేలిముద్ర వేశారు. పైన ఏం రాసుకున్నాడో తీర్చాల్సి వచ్చినప్పుడే తెలిసింది. చదువుకున్న మనం ఖాళీ ఫారం మీద పదకొండు చోట్ల సంతకాలు పెట్టి, "మిగతాది నేను చూసుకుంటా సార్" అన్న మాట విని ఇంటికొస్తున్నాం. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. కాగితం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

ఏజెంటు రాసిన తప్పు మన తప్పుగా ఎలా మారుతుంది, దాన్ని తిరిగి ఎవరి దగ్గరికి పంపాలి, అందుకు ఏ నిబంధనలు ఆసరా ఇస్తాయి అనేదే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాం.

ఒక కుటుంబం అనుభవం

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. భర్త మున్సిపాలిటీలో పర్మినెంటు పారిశుధ్య ఉద్యోగి. భార్య ఇంటి దగ్గరే మిషను కుడుతుంది, నెలకు ఆరు వేలు వస్తే గొప్ప. 24 లక్షలకు చిన్న ఫ్లాటు మాట్లాడుకున్నారు. 2 లక్షలు బయానా ఇచ్చి 90 రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు. ఆ 2 లక్షల్లో సగం ఆమె చిట్టీ పాడిన డబ్బు.

ఏజెంటు టీ కొట్టు దగ్గర కూర్చుని ఫారం నింపాడు. ఆమె ఆదాయం నెలకు 25 వేలు, వృత్తి "బొటిక్ యజమాని" అని రాశాడు. డ్వాక్రా గ్రూపు అప్పు సంగతి వదిలేశాడు. వాడలో ఉండే ఇంటి చిరునామా "బాగుండదని" ఒక బంధువు ఇంటి చిరునామా వేశాడు. ఇవన్నీ అతను మోసం చేద్దామని చేశాడనుకోలేం. అప్పు త్వరగా రావాలనే చేశాడు. బ్యాంకు తరఫున విచారణకు వచ్చిన మనిషికి ముందు గదిలో ఒక మిషను కనపడింది, బొటిక్ కనపడలేదు. రాసిన చిరునామాలో వీళ్లు లేరు. నలభై రోజుల తర్వాత ఫోనులో "రిజెక్టయింది" అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఏజెంటు వీళ్లకు చెప్పకుండానే అదే ఫారాన్ని ఇంకో రెండు సంస్థలకు పంపాడు. అక్కడా అదే జవాబు. ఇంటికొచ్చి ఆయన అన్నమాట: "మనలాంటోళ్లకు బ్యాంకులు ఇయ్యవులే."

ఆ మాట దగ్గరే మనం ఆగాలి. కులం వల్ల అప్పు రాకపోవడం ఉంది, దాన్ని మేము కాదనడం లేదు. అయితే ఈ కుటుంబానికి అప్పు రానిది కాగితం మీదున్న మూడు అబద్ధాల వల్ల. ఆ అబద్ధాలు వాళ్లవి కావు, కాని వాటి కింద సంతకం వాళ్లది. ఈ తేడా తెలియకపోతే పోరాడాల్సిన చోట పోరాడం, తిరిగి దరఖాస్తు పెట్టాల్సిన చోట నిరాశపడి కూర్చుంటాం. వివక్ష ఉందని చూపించాలన్నా ముందు మన కాగితం శుభ్రంగా ఉండాలి.

ఏజెంటు ఎవరి మనిషి?

ఇంటి అప్పు ఏజెంట్లు రెండు రకాలు. ఒకడు బ్యాంకుతోనో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీతోనో ఒప్పందం ఉన్నవాడు. అతన్ని డీఎస్ఏ అంటారు. అప్పు విడుదలైనప్పుడు ఆ మొత్తంలో ఇంత శాతమని అతనికి సంస్థే కమీషను ఇస్తుంది. రెండోవాడు ఏ ఒప్పందమూ లేని బజారు బ్రోకరు. అతను మన దగ్గరే డబ్బు తీసుకుంటాడు. ఒక్కోసారి బిల్డరు దగ్గరా తీసుకుంటాడు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, మొదటి రకం ఏజెంటు చేసిన పనికి బ్యాంకు బాధ్యత వహించాలి. బయటి వాళ్ల చేత పనులు చేయించుకున్నా బ్యాంకు బాధ్యత తగ్గదని 2006లోనే రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో రాసింది. అప్పు మంజూరు చేసే నిర్ణయాన్ని బయటివాళ్లకు అప్పగించకూడదని కూడా అందులోనే ఉంది. కాబట్టి "నీ అప్పు నా చేతిలో ఉంది" అని ఏజెంటు అంటే అది నిజం కాదు. "ఏజెంటు చేసినదానికి మేమేం చేస్తాం" అని మేనేజరు అంటే అదీ నిజం కాదు. రెండో రకం బ్రోకరు విషయంలో బ్యాంకును పట్టుకోవడం కష్టం. అందుకే మొదటి రోజే అడగాలి: నువ్వు ఎవరి తరఫున వచ్చావు, నీ గుర్తింపు కార్డేది? జవాబు రాకపోతే నేరుగా బ్రాంచికి పోవడం మేలు.

కమీషను అప్పు మొత్తాన్ని బట్టి వస్తుందన్న సంగతి కూడా మర్చిపోకూడదు. అప్పు ఎంత పెద్దదైతే అతనికి అంత లాభం. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 15 లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు 13,500 రూపాయలు కట్టాలి. 20 లక్షలైతే దాదాపు 18,000. ఈ నాలుగున్నర వేల తేడా అతనిది కాదు, 20 ఏళ్లపాటు మన వంటింటిది.

తప్పులు ఎక్కడ దొర్లుతాయి?

పేరు. మన కుటుంబాల్లో ఒక మనిషికి రెండు పేర్లుండటం మామూలు. బళ్లో రాసిన పేరొకటి, చర్చిలో పెట్టిన పేరొకటి. ఇంటి పేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఏజెంటు తనకు తోచినట్టు సరిచేస్తే ఆధార్, పాన్, సర్వీసు రిజిస్టరు, సేల్ అగ్రిమెంటు నాలుగూ నాలుగు రకాలుగా తయారవుతాయి. అన్ని కాగితాల్లో పేరు ఎలా ఉందో ముందే ఒక చోట రాసుకుని, తేడా ఉంటే ఆ ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జతచెయ్యాలి.

కులం, మతం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కులం గడి ఖాళీగా వదిలేసేవాళ్లూ ఉన్నారు, "జనరల్ అంటే త్వరగా అవుతుంది" అనేవాళ్లూ ఉన్నారు. మనలో కొందరం కూడా మొహమాటంతో ఊరుకుంటాం. కాని షెడ్యూల్డు కులాలు, తెగల రుణాల మీద రిజర్వు బ్యాంకు బ్యాంకులకు జారీ చేస్తూ వచ్చిన సూచనల్లో రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి, పేద దరఖాస్తుదారులకు ఫారాలు నింపడంలో బ్యాంకు సిబ్బంది సాయం చెయ్యాలి. రెండు, ఎస్సీ, ఎస్టీల దరఖాస్తును తిరస్కరించాలంటే ఆ పని బ్రాంచి స్థాయిలో చెయ్యకూడదు, పై స్థాయిలో చెయ్యాలి, కారణం స్పష్టంగా రాయాలి. గడిలో "జనరల్" అని పడితే ఈ రక్షణ మనకు తెలియకుండానే పోతుంది. బ్యాంకులు ప్రాధాన్యతా రంగంలో బలహీన వర్గాలకు ఇవ్వాల్సిన వాటా 2023-24 నాటికి 12 శాతానికి పెరిగింది. ఆ లెక్కలోకీ మనం రాం. మతం గడి సంగతి కూడా ఇంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఏజెంటు పేరు చూసి ఊహతో మతం రాసేస్తే అది కుల ధృవీకరణ పత్రంతో పొసగదు. ఆ గడిలో ఏం రాయాలో కాగితాలను బట్టి మనమే తేల్చుకోవాలి.

చిరునామా. కొన్ని పేటల్ని "నెగెటివ్ ఏరియా" అని పక్కన పెట్టే అలవాటు అప్పులిచ్చే సంస్థల్లో ఉంది. ఏజెంటుకు అది తెలుసు, అందుకే చిరునామా మారుస్తాడు. కాని మార్చిన చిరునామా విచారణలో నిలబడదు. నిజమైన చిరునామా రాసి, దాని మూలంగానే కాదంటే ఆ మాట కాగితం మీద తెప్పించుకోవడమే దారి. అప్పుడది ప్రశ్నించదగిన వివక్ష అవుతుంది. తప్పుడు చిరునామా రాస్తే ప్రశ్నించే హక్కు మనమే పోగొట్టుకుంటాం.

పాత అప్పులు. డ్వాక్రా గ్రూపు అప్పు అందరిదీ కదా, అది లెక్కలోకి రాదని అనుకుంటాం. గ్రూపు సభ్యుల వివరాలను కూడా క్రెడిట్ సమాచార సంస్థలకు పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. తోటివాడికి జామీను ఉన్నా అది కనపడుతుంది. దాస్తే దొరుకుతాం, చెబితే లెక్కలో కలుస్తుంది. అంతే తేడా.

సొంత ఇల్లు ఉందా? నాన్న పేరు మీద కాలనీలో ఇందిరమ్మ ఇల్లుంటే ఏజెంటు "ఉంది" అని రాసేస్తాడు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. పెళ్లయిన కొడుక్కి నాన్న ఇల్లు సొంత ఇల్లు కాదు. పాత పథకంలో తక్కువ ఆదాయ వర్గాలకిచ్చిన వడ్డీ రాయితీ 2022 మార్చి 31తో ముగిసింది. 2024 సెప్టెంబరులో మొదలైన రెండో దశలో వడ్డీ రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు. ఒక్క గడిలో తప్పు పడితే ఆ డబ్బు పోతుంది.

ఆస్తి కాగితాలు. మనవాళ్లు మనవాళ్ల దగ్గరే స్థలం కొనుక్కున్నప్పుడు ఇది ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా స్థలాన్ని మామూలు పట్టా అని రాసి ఏజెంటు నెట్టుకొద్దామని చూస్తాడు. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీల నిషేధ చట్టం మన భూములు పరులపాలు కాకుండా తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి తర్వాత సవరణలు వచ్చాయి, కాబట్టి ఏ రాష్ట్రంలో, ఏ రకం పట్టా, ఎప్పుడిచ్చింది అనేది చూడాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోవాలి. ఈ పని బయానా ఇవ్వకముందే చెయ్యాలి.

తప్పు కనపడితే ఏం చెయ్యాలి?

అప్పు మంజూరు కాకముందు తెలిస్తే పని సులువు. నోటిమాటగా ఏజెంటుకు చెప్పి ఊరుకోవద్దు. బ్రాంచి మేనేజరుకు ఉత్తరం రాసి, నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఉత్తరం పొడుగ్గా ఉండక్కర్లేదు. ఈ మాత్రం చాలు:

"నా ఇంటి రుణ దరఖాస్తును మీ ఏజెంటు నింపారు. అందులో నా భార్య నెలసరి ఆదాయం 25,000 అని పడింది. సరైనది 6,000. నివాస చిరునామా కూడా తప్పు పడింది. సరైన వివరాలు, ఆధారాలు జతచేస్తున్నాను. దయచేసి దరఖాస్తును సరిదిద్ది, సరిదిద్దినట్లు నాకు రాతపూర్వకంగా తెలియజెయ్యండి. నేను సంతకం చేసిన దరఖాస్తు నకలు కూడా ఇప్పించండి."

"అట్లా రాస్తే అప్పు తగ్గుద్ది సార్" అని ఏజెంటు అడ్డుపడతాడు. తగ్గనివ్వండి. మనకు లాభంగా కనిపించే తప్పే అన్నిటికంటే ప్రమాదకరం. పేరులో అక్షరం తప్పు పడితే పొరపాటంటారు. ఆదాయం నాలుగింతలు పడితే అబద్ధం అంటారు. ఇచ్చిన సమాచారం అబద్ధమని తేలితే మొత్తం అప్పు ఒకేసారి కట్టమనే షరతు రుణ ఒప్పందాల్లో మామూలుగా ఉంటుంది. దొంగ జీతం కాగితం జతచేసి ఉంటే అది క్రిమినల్ కేసుకూ దారి తీస్తుంది. తెలిసిన రోజే మనంతట మనం రాసిన ఉత్తరం అప్పుడు మనల్ని కాపాడుతుంది.

తిరస్కరించాక తెలిస్తే మొదట కారణం రాతపూర్వకంగా అడగాలి. దరఖాస్తు అందినట్టు రసీదు ఇవ్వాలని, తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాసి ఇవ్వాలని 2003 నాటి రిజర్వు బ్యాంకు నియమావళిలో ఉంది. మొదట్లో చిన్న అప్పులకే పరిమితమైన ఈ రాత జవాబు నిబంధనను 2007లో అన్ని అప్పులకూ వర్తింపజేశారు. ఎస్సీలమని రాసి ఉంటే, ఏ స్థాయిలో తిరస్కరించారో కూడా అడగాలి.

తర్వాత మన క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవాలి. దేశంలో సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. 2017 నుంచి ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఏజెంటు మనకు చెప్పకుండా ఎన్ని చోట్లకు ఫారం పంపాడో అందులో తెలుస్తుంది. పంపిన ప్రతిచోటా ఒక విచారణ నమోదవుతుంది. తక్కువ రోజుల్లో అలాంటివి పోగైతే తర్వాత వచ్చే బ్యాంకు అనుమానంగా చూస్తుంది. మనం అనుమతించని విచారణ ఉన్నా, తీర్చేసిన అప్పు ఇంకా ఉన్నట్టు చూపినా ఫిర్యాదు చెయ్యొచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది.

అప్పు మంజూరైనా చూడాల్సింది ఒకటుంది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి ఇంటి అప్పుకూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. వడ్డీ, వాయిదా, అన్ని రకాల ఖర్చులు అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అడగడం మన హక్కు, అది బ్యాంకు చేసే దయ కాదు. అందులో లేని రుసుము మన ఒప్పుకోలు లేకుండా వసూలు చెయ్యకూడదు. ఏజెంటు నోటితో చెప్పిన వడ్డీకీ ఈ పత్రంలో ఉన్నదానికీ తేడా ఉంటే, సంతకానికి ముందే ఆగిపోవాలి.

ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలి?

మొదటి ఫిర్యాదు ఎప్పుడూ బ్యాంకుకే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. 2021 నవంబరులో పాత మూడు పథకాల్నీ కలిపి ఒకటి చేశారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోను చేసి వివరాలు కనుక్కోవచ్చు. గడువు ఉంటుంది కాబట్టి నాన్చకూడదు. అప్పిచ్చింది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పోవాలి. ఇది తెలియక నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నష్టపరిహారం కావాలంటే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బజారు బ్రోకరు డబ్బు తీసుకుని పని చెడగొడితే ముఖ్యంగా ఆధారపడాల్సింది అదే. అందుకే అతనికిచ్చే ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి, కనీసం ఫోను ద్వారా కట్టిన ఆనవాలు ఉండాలి. అసలు దస్తావేజులు మాత్రం ఏ ఏజెంటు చేతికీ ఇవ్వకూడదు. బ్యాంకుకే ఇచ్చి జాబితాతో రసీదు తీసుకోవాలి.

బయానా సంగతి వేరే చెప్పాలి. బ్యాంకు అంబుడ్స్‌మన్ అమ్మకందారు దగ్గరున్న డబ్బు ఇప్పించలేడు. అగ్రిమెంటు రాసుకునేటప్పుడే "బ్యాంకు రుణం మంజూరు కాకపోతే బయానా తిరిగి ఇవ్వాలి" అన్న ఒక్క వాక్యం రాయించుకోవాలి. దస్తావేజు లేఖరి రాయనంటే వేరే లేఖరి దగ్గరికి పోవాలి.

పైన చెప్పిన కుటుంబం ఆ వాక్యం రాయించుకోలేదు. తిరస్కరణ కారణం రాతపూర్వకంగా రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఉత్తరం చూపించి గడువు పొడిగించమంటే అమ్మకందారు 50 వేలు ఎక్కువ అడిగి ఒప్పుకున్నాడు. నిజమైన ఆదాయంతో, నిజమైన చిరునామాతో మళ్లీ నేరుగా బ్రాంచిలో దరఖాస్తు పెట్టారు. 15 లక్షలు వచ్చింది. మిగతాది ఆయన పీఎఫ్ నుంచి, ఆమె చెవులవి అమ్మిన డబ్బు నుంచి సర్దారు. ఇల్లు వచ్చింది. ఏజెంటు తప్పుకు ఖరీదు మాత్రం ఆ 50 వేలు, ఆమె చెవి కమ్మలు. ఏజెంటు ఏమీ పోగొట్టుకోలేదు.

సంఘాలు చెయ్యదగిన పని

బ్యాంకులో పనిచేసే మేనమామ, రిజిస్ట్రారు ఆఫీసులో తెలిసిన పెద్దమనిషి, ఫారం చదివిపెట్టే వకీలు బంధువు, ఇవి అగ్రకుల కుటుంబాలకు పుట్టుకతో వచ్చే ఆస్తి. ఇవేవీ లేనివాడే ఏజెంటు మీద పూర్తిగా ఆధారపడతాడు. కాబట్టి ఏజెంటు తప్పు అందరికీ సమానంగా తగలదు. తెలిసినవాళ్లున్న ఇంట్లో ఒక్క ఫోనుతో సరిపోయే పొరపాటు, మొదటి తరం ఇంట్లో బయానా పోయేదాకా తెలియదు.

ఆ మేనమామ లేని లోటు సంఘం తీర్చగలదు. ప్రతి పట్టణంలో అంబేద్కర్ భవనమో, ఉద్యోగ సంఘం గదో ఉంది. నెలకు ఒక ఆదివారం అక్కడ కూర్చుని దరఖాస్తులు చదివిపెట్టే ఇద్దరు టీచర్లు, ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఒక లా విద్యార్థి ఉంటే చాలు. తిరస్కరణ ఉత్తరాల నకళ్లు కూడా అక్కడ పోగుచెయ్యాలి. ఒక్కడి దగ్గర ఉన్న ఉత్తరం ఒక్కడి దురదృష్టంలా కనిపిస్తుంది. ఒకే బ్రాంచి నుంచి, ఒకే పేట వాళ్లకు వచ్చిన ఇరవై ఉత్తరాలు పక్కపక్కన పెడితే అప్పుడు ఏది పొరపాటో, ఏది కులమో విడదీసి చూపించగలం. పరిశోధన చేసే విద్యార్థులకు ఇంతకంటే పనికొచ్చే ఆధారం దొరకదు.

అప్పటిదాకా ఒక్క నియమం పాటిద్దాం. ఖాళీ గడి ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. నింపాక చదవాలి, చదివాక నకలు తీసుకోవాలి, ఆ తర్వాతే పెన్ను పట్టాలి.